మట్ట రాలిన గుర్తు



తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు మధ్య పలాస నుంచి అక్కుపల్లి తీరం వైపు వెళ్ళినా, టెక్కలి నుంచి భావనపాడు వైపు వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. బండి లైటు వెలుగులో ముందు తెల్ల బనీన్లు కనబడతాయి. తర్వాత కాళ్ళు, ఆ తర్వాత మొహాలు. ఇద్దరో ముగ్గురో, ఒక్కోచోట పదిమందో. జీడితోటల పక్కనుంచి, కొబ్బరితోటల మధ్యనుంచి పరిగెడుతూ ఉంటారు. సైన్యంలో చేరడానికి పరుగు అది. మా ఉద్దానం ప్రాంతం ఊళ్ళలో సరిహద్దులో పనిచేసే కొడుకో, అల్లుడో ఉన్న ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. పక్క వీధిలోనే ఉంటుంది.

నేను బడిలో వ్యాయామం నేర్పి రిటైరయిన మనిషిని. పిల్లలు పీఈటీ సార్ అనేవారు, పెద్దలు డ్రిల్లు మేష్టారు అనేవారు. ఇప్పుడు బడి లేదు గానీ విజిలు ఇంకా జేబులోనే ఉంది. తీరం దగ్గర పరిగెత్తే కుర్రాళ్ళకి టైము చూసిపెడుతుంటాను. చేతిలో స్టాప్‌వాచీ, చంకలో లాంగ్ నోట్‌బుక్కు. ఈ పూట ఆ నోట్‌బుక్కు గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

కొన్నాళ్ళ కిందట ఒక కుర్రాడు పరుగు మధ్యలో ఆగిపోయి, ఇసకలో కూర్చుండిపోయాడు. పేరు చెప్పను, వింటూ ఉంటాడు.

"ఏటయ్యిందిరా?" అన్నాను.

"నాను రేపటినుంచి రానండి మేష్టారూ. అయిదు వారాలయ్యింది. ఒక్క సెకనైనా తగ్గనేదు. నా వల్ల అవదండి ఇది."

వాడి లెక్క ముందు మీకు చెప్పాలి. సైన్యంలో చేర్చుకునే అగ్నివీర్ ర్యాలీలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. 5 నిమిషాల 30 సెకన్ల లోపల ముగిస్తే 60 మార్కులు. పది పులప్స్ తీస్తే 40. ఆ పైన తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి, వంకర దూలం మీద పడకుండా నడవాలి. అయిదున్నర నిమిషాల్లో 1600 మీటర్లంటే 400 మీటర్ల చుట్టు ఒక్కోటి ఎనభై రెండున్నర సెకన్లలో, నాలుగుసార్లు. వినడానికి తేలిక. నాలుగో చుట్టులో ఊపిరి ఎక్కడుందో వెతుక్కునేవాడికి తెలుస్తుంది దాని సంగతి.

మావాడు మొదటి రోజు పరిగెత్తింది 7 నిమిషాల 10 సెకన్లు. అంటే కొండ దిగాల్సింది వంద సెకన్లు. మొదటి నెలలోనే 45 సెకన్లు దిగాడు. రెండో నెలలో 17. మూడో నెలలో ఆరు. ఆపైన అయిదు వారాలు 6 నిమిషాల 2 సెకన్ల దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. మొదటి నెలలో వాడి నడకే మారిపోయింది. ఊళ్ళో వాళ్ళమ్మకి జనం చెప్పేవారు, నీ కొడుకు గుర్రంలా పరిగెడతన్నాడే అని. అయిదో నెలకి అడిగేవాడు లేడు.

ఇక్కడ శరీరం సంగతి కొంచెం తెలుసుకోవాలి. మొదటి నెలలో తగ్గిన ఆ 45 సెకన్లు కండలు పెరిగి తగ్గినవి కావు. ఒంట్లో అప్పటికే ఉన్న బలాన్ని వాడుకోవడం తెలిసొచ్చింది. ఏ కండని ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో నరాలు నేర్చుకున్నాయి. రక్తం పరిమాణం కాస్త పెరిగి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ తోడడం మొదలుపెట్టింది. ఇవన్నీ వారాల్లో జరిగే పనులు. వాటితో వచ్చే లాభం కూడా వెంటనే కళ్ళకి కనబడుతుంది.

ఆ తర్వాత పని లోపలికి పోతుంది. కండరంలో వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకోవాలి. కండని ఎముకకి కట్టిపెట్టే తాళ్ళలాంటి టెండన్లు గట్టిపడాలి. వాటికి రక్తం అందేదే తక్కువ కాబట్టి అవి కండకంటే చాలా నిదానంగా మారతాయి. ఎముక సంగతి మరీ విచిత్రం. కొత్త బరువు మీద పడితే ముందు పాత ఎముకని కొంచెం కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది పోసుకుంటుంది. పాత గోడ విప్పి, పునాది చూసుకుని మళ్ళీ కట్టే తాపీమేస్త్రి పనిలాంటిది. ఆ విప్పిన రోజుల్లో గోడ బలంగా ఉండదు. మొత్తం పనికి నెలలు పడుతుంది. అంటే మావాడు ఏమీ జరగడం లేదనుకున్న ఆ అయిదు వారాల్లో నిజానికి కష్టమైన పనంతా జరుగుతోంది. స్టాప్‌వాచీ చూడలేని చోట జరుగుతోంది.

ఇదంతా వాడికి చెప్పాను. బుర్ర ఊపాడు గానీ నమ్మినట్టు లేదు. మర్నాడు నిజంగానే రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

వాళ్ళమ్మ పలాసలో జీడి పరిశ్రమలో పిక్క కొట్టే పనికి వెళుతుంది. పిక్క పెంకు పగిలి లోపలి పప్పు చెక్కు చెదరకుండా గుండుగా రావాలి. బద్దయిపోతే ధర పడిపోతుంది, ముక్కయితే ఇంకా పడిపోతుంది. పెంకులో ఉండే నూనె తగిలితే చేతులు పొక్కిపోతాయి. ఆవిడ చేతివేళ్ళ కొసలు నల్లగా ఉంటాయి. కొడుకు సంగతి చెప్పాను. ఆవిడ అంది:

"మేష్టారూ, నాను పన్లో చేరిన కొత్తల్లో సగం బద్దలే వచ్చీవి. తిట్లు తినీదాన్ని. ఇప్పుడు పక్కవాళ్ళతో మాటాడతా కొట్టినా గుండే వస్తాది. అది ఏ రోజున వచ్చిందో అడగండి, నాకే తెల్దు."

నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి చెప్పలేకపోయిన మాట ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది. నేర్పు ఏ రోజున వచ్చిందో నేర్చుకున్నవాడికే తెలీదు. పిక్క మీద పడే దెబ్బ ఎంత బరువుండాలో చేతికి తెలిసిన రోజుకి తారీకు లేదు. తారీకు లేదు కాబట్టి, రాలేదేమోనని భయం వేస్తుంది. భయం వేసి మానేసేవాళ్ళు కొందరు. భయం వేసి ఒక్కసారిగా ఎక్కువ చేసేసేవాళ్ళు మరికొందరు. ఈ రెండో రకానిది ఇంకా పెద్ద ప్రమాదం.

గ్రీకు దేశపు కథ ఒకటి వ్యాయామం నేర్పేవాళ్ళందరూ చెబుతారు. క్రోటోన్ ఊరి మైలో అని క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దపు మల్లయోధుడు. చిన్న దూడని రోజూ భుజాన వేసుకుని తిరిగేవాడట. దూడ పెరిగి ఎద్దయ్యేసరికి అతనూ ఎద్దుని మొయ్యగలిగేవాడయ్యాడట. కొంచెం కొంచెంగా పెంచుకుంటే ఎంత బరువైనా ఎత్తొచ్చని దాని నీతి. నేనూ ఏళ్ళ తరబడి ఈ కథ చెప్పాను. ఇప్పుడు అందులో సగమే నిజం అనిపిస్తోంది. దూడ రోజూ పెరుగుతుంది, ఆగదు. మనిషి ఒళ్ళు అలా పెరగదు. కొన్నాళ్ళు పెరుగుతుంది, కొన్నాళ్ళు నిలబడుతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా వెళుతుంది. దూడ లెక్కన పోతే ఏదో ఒక రోజు నడుం విరుగుతుంది. కొంచెం కొంచెంగా అంటే రోజూ కొంచెం పెంచడం కాదు. పెంచడం, ఆగడం, ఒంటికి అలవాటు కానివ్వడం, మళ్ళీ పెంచడం.

ఇది నాకు తెలిసొచ్చిన విధం చెబుతాను. తప్పు నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆటల పోటీలు రెండు వారాలున్నాయనగా, బాగా పరిగెత్తే ఒక పిల్లాడిచేత రెట్టింపు దూరం పరిగెత్తించాను. వాడు ఎదురు చెప్పే పిల్లాడు కాదు. పదోరోజు ముంగాలు ఎముక నొప్పి అన్నాడు. కొత్తగా పరిగెడితే అలాగే ఉంటుంది, తగ్గిపోతుంది అన్నాను. పోటీ రోజున సగం దూరంలో కూలబడ్డాడు. ఎముకలో సన్నటి చీలిక వచ్చిందని తర్వాత తేలింది. ఆ ఏడాదంతా వాడు గ్రౌండు గట్టు మీద కూర్చుని మిగతా పిల్లల్ని చూశాడు. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. నోట్‌బుక్కు రాయడం నేను ఆ సంవత్సరమే మొదలుపెట్టాను.

ఉద్దానం మనుషులతో మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. నొప్పి వస్తే బిళ్ళ వేసుకుని పరిగెత్తే కుర్రాళ్ళని చూస్తున్నాను. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే నొప్పి బిళ్ళలు అతిగా వాడితే మూత్రపిండాలకి చేటు. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీ చేటు. మన ప్రాంతానికి కిడ్నీ జబ్బు సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ ఊరెళ్ళినా డయాలసిస్ మాట తెలియని ఇల్లు లేదు. కారణం ఏమిటో ఇప్పటికీ శాస్త్రవేత్తలు తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. అటువంటి చోట రెండు సెకన్ల కోసం బిళ్ళ మింగడం ఏం తెలివి? నొప్పి వచ్చిన రోజు పరుగు మానెయ్యండి. నీళ్ళు తాగి, ఎండెక్కకముందే ఇంటికి వెళ్ళండి. ఆగిన రోజు కూడా సాధనలో లెక్కే.

ఇప్పుడు గాలి సంగతికి వద్దాం. సముద్రం ఒడ్డున పరిగెత్తేవాడికి గాలి మంచి స్నేహితుడు, చెడ్డ సాక్షి. వెనకనుంచి గాలి వీచిన రోజున టైము తగ్గుతుంది, గుండె పొంగుతుంది. ఎదురుగాలి రోజున అదే కష్టానికి టైము పెరుగుతుంది, మొహం వేలాడుతుంది. ఇసకా అంతే. మెత్తటి పొడి ఇసకలో పరుగుకి గట్టినేల మీద కంటే ఒకటిన్నర రెట్లకి పైగా శక్తి ఖర్చవుతుంది. అల తడిపిన గట్టి ఇసకలో పరిగెత్తిన నిన్నటి టైమునీ, పొడి ఇసకలో పరిగెత్తిన ఇవాళ్టి టైమునీ పక్కపక్కన పెట్టి ఏడిస్తే ఎవరిది తప్పు?

గాలి ఒక మనిషి కష్టాన్ని ఎలా లెక్కలోంచి తీసేసిందో మన విశాఖపట్నం అమ్మాయి యర్రాజీ జ్యోతిని అడగాలి. తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆమెది వంద మీటర్ల హర్డిల్స్. దారిలో పది అడ్డుకర్రలు, ఒక్కోటి దాదాపు 84 సెంటీమీటర్ల ఎత్తు. కర్రకీ కర్రకీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, అందులో మూడంటే మూడే అడుగులు. ఈ పరుగులో ఆమెకి ముందున్న భారత రికార్డు 13.38 సెకన్లు. 2002లో ఒడిశాకి చెందిన అనురాధా బిస్వాల్ పెట్టింది. ఇరవై ఏళ్ళు అలాగే ఉంది.

2020 జనవరిలో మూడబిదిరి విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. డోపింగ్ పరీక్ష జరగలేదు కాబట్టి రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్లో కోళికోడ్‌లో 13.09. ఆ పూట వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లు. నిబంధన 2.0 దాకానే. చిటికెడు గాలి ఎక్కువైందని అదీ పోయింది. ఆమె స్థానంలో మావాడుంటే ఇసకలో కూర్చుని లేచేవాడు కాదు. ఆమె మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది. అంతకుముందు పరిగెత్తిన రెండింటికంటే ఇది నిదానం. అయినా లెక్కకి వచ్చింది ఇదే, పాత రికార్డు పోయింది. అదే నెలలో ఇంగ్లండులో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. అక్టోబరులో బెంగళూరులో 12.82. 2023 ఆగస్టులో చైనాలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78, కాంస్యం.

ఈ అంకెల్ని ఒకసారి పది కర్రలకి పంచి చూడండి. 13.23 నుంచి 12.78 అంటే 45 వందో వంతులు తగ్గింది. ఒక్కో కర్ర దగ్గర నాలుగున్నర వందో వంతులు. రెప్ప వాల్చి ఎత్తే వ్యవధిలో సగం కూడా కాదు. అది సంపాదించడానికి పదిహేను నెలలు పట్టింది. ఇంకా ఉంది. 2024లో ఫిన్లండులో మళ్ళీ సరిగ్గా 12.78 పరిగెత్తింది. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా వెళ్ళాలంటే కావలసింది 12.77. సెకనులో వందో వంతు తక్కువైంది. చివరికి ప్రపంచ ర్యాంకు ఆధారంగా వెళ్ళింది, ఆ పరుగులో ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారత మహిళ అయ్యింది. పారిస్‌లో 13.16, 13.17 పరిగెత్తి వెనక్కి వచ్చింది. టీవీలో మనం చూసింది ఆ రెండు పరుగులే. 2025లో కొరియాలో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 12.96తో మళ్ళీ బంగారం తెచ్చింది.

మెట్లు అన్నీ పైకే లేవని గమనించారా? 12.78 పరిగెత్తిన కాళ్ళే 13.17 పరిగెత్తాయి. అంతమాత్రాన నేర్చుకున్నది పోయిందని కాదు. నేర్పు పెరుగుతూనే ఉంటుంది. ఏ ఒక్క రోజు టైములోనూ అది పూర్తిగా కనబడదు.

మన జిల్లాకే వద్దాం. బలం అంటే మనవాళ్ళకి మొదటినుంచీ ముచ్చట. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి గురించి మా తాతలు చెప్పేవారు, గుండె మీద ఏనుగు నిలబెట్టుకున్నాడని, గొలుసులు తెంపాడని. సర్కసు పెట్టకముందు ఆయన విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడు. ఏనుగు సంగతి అందరికీ గుర్తుంది. ఏనుగుకి ముందు ఎన్నేళ్ళ పాటు ఎన్నెన్ని చిన్న బరువులు మోశాడో ఎవరూ చెప్పుకోరు.

కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అక్కచెల్లెళ్ళు బరువులెత్తే ఇల్లు అది. మొదట్లో బక్కపలచగా ఉందని ఈమెని వద్దన్నారని చెబుతారు. 1993లో మెల్బోర్న్‌లో ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చింది. 1994, 1995లలో ప్రపంచ విజేత అయ్యింది. కానీ ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ అప్పటికి ఒలింపిక్స్‌లో లేదు. మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. ఆ రోజు కోసం ఆమె ఆగాల్సి వచ్చింది. ఈలోగా పెళ్ళయ్యింది, బరువు తరగతి 54 కిలోల నుంచి 69కి మారింది. ఆమె పని అయిపోయిందన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ సెప్టెంబరు 19న ఏం జరిగిందో అంకెల్లో వినండి. స్నాచ్‌లో 105, తర్వాత 107.5, తర్వాత 110. మూడూ ఎత్తింది. రెండున్నర కిలోల చొప్పున మెట్లు. అప్పట్లో బరువు పెంచాలంటే రెండున్నర లెక్కలోనే పెంచాలి, ఒక కిలో చొప్పున పెంచే పద్ధతి 2005లో వచ్చింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 125, తర్వాత 130. మొత్తం 240 కిలోలు. బంగారం, వెండి గెలిచిన చైనా, హంగరీ అమ్మాయిలు ఇద్దరూ 242.5 ఎత్తారు. మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నం బంగారం కోసం. 137.5 పెట్టించుకుంది. అది లేవలేదు. కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయ్యింది.

ఇందులో మీకు తోచేది నాకూ తోచింది. అన్ని మెట్లూ రెండున్నర, అయిదు. ఆఖరి మెట్టు ఏడున్నర. తక్కువైంది మాత్రం రెండున్నర. అయితే ఆ ఆఖరి ప్రయత్నం తప్పని నేననను. పోటీ వేరు, సాధన వేరు. ఒలింపిక్ వేదిక మీద ఒక్క ప్రయత్నం మిగిలినవాళ్ళు పెద్ద అడుగే వెయ్యాలి. అక్కడ పణంగా పెట్టేది ఒక్క ఎత్తుని. అదే ఏడున్నర కిలోల దూకుడు ఊళ్ళో రోజువారీ సాధనలో చూపిస్తే పణంగా పెట్టేది మోకాలిని, నడుముని, ఏడాది కాలాన్ని. మా కుర్రాళ్ళు టీవీలో ఆఖరి ప్రయత్నం చూసి, దాన్ని సోమవారం పొద్దున్న గ్రౌండులో చేస్తున్నారు. అక్కడ వస్తోంది చిక్కు.

పక్క జిల్లాలో నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె ఉంది. బరువులెత్తే పిల్లలకి పేరున్న ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో వచ్చినామె డోపింగ్‌లో పట్టుబడడంతో అది వెండి అయ్యింది. ఒక్క పల్లెలోంచి అంతమంది ఎలా వస్తారని అడుగుతారు. నాకు తోచిన జవాబు ఒకటే. ఆ ఊళ్ళో పదేళ్ళ పిల్లకి తనకంటే రెండు మెట్లు పైనున్న పన్నెండేళ్ళ అక్క కళ్ళముందే కనబడుతుంది. ఒలింపిక్ విజేత ఫోటో గోడ మీద ఉంటే కొండ కనబడుతుంది. పక్కింటి అక్క అయిదు కిలోలు ఎక్కువ ఎత్తుతుంటే తరవాతి మెట్టు కనబడుతుంది.

మనమూ ఆ మెట్లని కనబడేట్టు చెయ్యొచ్చు. సంక్రాంతికి మన ఊళ్ళలో సంగిడి రాయి ఎత్తే పోటీలు పెడతారు. మొదటి బహుమతి వాడికే మైకు, వాడికే దండ. బాగుంది, ఉండనివ్వండి. దాని పక్కన ఇంకొక బహుమతి పెట్టండి. కిందటి సంక్రాంతికి తానెత్తిన బరువు మీద ఈ ఏడు ఎవరు ఎక్కువ పెంచుకున్నారో వాళ్ళకి ఒక స్టీలు బిందె. అప్పుడు ఊరు కిందటేటి అంకెలు రాసి దాచుకోవాల్సి వస్తుంది. ఆ దాచుకోవడమే నాకు కావాలి.

ఇంట్లోనైతే నోట్‌బుక్కు చాలు. తారీకు, టైము రాయండి. నేల ఏది, తడి ఇసకా, పొడి ఇసకా, రోడ్డా? గాలి ఎటునుంచి? రాత్రి నిద్ర ఎంత? ఎక్కడైనా నొప్పి ఉందా? గట్టిగా పరిగెత్తేది వారానికి రెండు రోజులు, మిగతా రోజులు మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నిదానం. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. టైము పరీక్ష రోజూ వద్దు, రెండు వారాలకొకసారి, ఒకే చోట, ఒకే వేళ. రోజూ మొక్కని పీకి వేరు చూసుకునేవాడి తోట ఏనాటికీ పచ్చబడదు.

తోటంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లవారి చూస్తే ఉద్దానంలో తోటకి తోట పడుకుని ఉంది. తాతలు వేసిన కొబ్బరి, నాన్నలు వేసిన జీడి. ఆ ఏడుపుల మధ్యే జనం మళ్ళీ మొక్కలు నాటారు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. నాటినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. తెలిసే నాటారు. నిదానం విలువ ఈ మనుషులకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చెట్టు విషయంలో మనకున్న ఓర్పు పిల్లల విషయంలో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

కొబ్బరి మొక్కని చూసే ఉంటారు. మొదటి నాలుగైదేళ్ళు మట్టలు తప్ప మాను కనబడదు. ఎదగడం లేదా అంటే, ఎదుగుతోంది. మామిడిలాగా, చింతలాగా ఏటేటా లావెక్కే గుణం కొబ్బరికి లేదు. ఎంత లావు కావాలో అంతా అడుగునే కట్టుకుని, అప్పుడు పైకి లేస్తుంది. లేచాక సుమారు నెలకొక మట్ట వేస్తుంది. పండిన మట్ట రాలినచోట మాను మీద ఒక గుర్తు ఉండిపోతుంది. ఏడాదికి పన్నెండో, పదమూడో. మా నాన్న ఆ గుర్తులు లెక్కబెట్టి చెట్టు వయసు చెప్పేవాడు. కొబ్బరిచెట్టు తన నోట్‌బుక్కు తనే రాసుకుంటుంది. మన పిల్లల ఒంటిమీద అలాంటి గుర్తులు పడవు కాబట్టి మనం రాసిపెట్టాలి.

మా కుర్రాడి సంగతి చెప్పకుండా వెళ్ళిపోతే మీరూరుకోరు. వాళ్ళమ్మ ఏం చెప్పిందో ఏమో, నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. ఆరో వారం కూడా 6 నిమిషాల 2 సెకన్లే. ఎనిమిదో వారంలో ఒక రోజు 5 నిమిషాల 54. వాడికంటే ముందు నేనే గట్టిగా అరిచాను. ర్యాలీ రోజున 5 నిమిషాల 38 సెకన్లలో పరిగెత్తాడు. పూర్తి మార్కులు రాలేదు, ఆ ఏడాది జాబితాలో పేరూ రాలేదు. వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఓదార్చే మాటలు వెతుక్కుంటున్నాను. "ముందు బుక్కులో రాయండి మేష్టారూ, 5:38" అన్నాడు.

వాడు మళ్ళీ తయారవుతున్నాడు. నాకు ఈమధ్య మోకాళ్ళ నొప్పులు, తీరానికి రోజూ వెళ్ళలేకపోతున్నాను. నేను వెళ్ళని రోజుల్లో చిన్న కుర్రాళ్ళకి వాడే టైము చూస్తున్నాడు. మొన్న నోట్‌బుక్కు తెప్పించుకుని చూశాను. కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పేరు, ఎదురుగా 7 నిమిషాల 4 సెకన్లు. అంతకుముందు రోజు 6:58 ఉంది. ఆరు సెకన్లు పెరిగింది. ఆ పిల్లాడు మొహం వేలాడేసుకునే ఉంటాడు అనుకున్నాను.

పక్కన చిన్న అక్షరాలతో మావాడి చేతిరాతలో రాసి ఉంది: పొడి ఇసక, ఎదురుగాలి.